చిన్న సంఘం, పెద్దగా డబ్బు లేదు: ఏడాది పొడవునా సాయం ఎలా చేయాలి?

కనిగిరి యూత్

అందరికీ వందనాలు. మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి వైపు ఒక పల్లె, బాప్టిస్టు సంఘం. అరవై గడపల దాకా ఉంటాం. సగం మంది బేల్దారి పనికి హైదరాబాద్, బెంగళూరు వెళ్ళి పండగలకు వస్తారు. ఊళ్ళో మిగిలేది ఎక్కువగా ముసలివాళ్ళు, చిన్నపిల్లలు. ఈ ఏడు నన్ను యూత్ సెక్రటరీగా పెట్టారు.

మా సంఘంలో పరిచర్య అంటే క్రిస్మస్‌కు విధవరాళ్ళకు చీరలు, దుప్పట్లు పంచడం. స్టేజీ వేస్తాం, ఫ్లెక్సీ కడతాం, ఊరి పెద్దల్లో ఒకరిని పిలుస్తాం. పేరు చదవగానే ఒక్కొక్కరూ మెట్లెక్కి చీర తీసుకుని ఫోటో దిగి వెళ్ళాలి. పోయిన క్రిస్మస్‌కు ఒక పెద్దావిడ మెట్లు ఎక్కలేకపోయింది. మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, ఆమెకు మోకాళ్ళు, నడుము వంగిపోయి ఉన్నాయి. నేనే కిందికి దిగి చీర చేతికిచ్చాను. ఆమె తీసుకుని, "చీరలున్నాయి నాయనా, ఆ నీళ్ళ క్యాను ఎవరన్నా ఇంటిదాకా తెచ్చిపెడితే బాగుండు" అంది. మంచినీళ్ళ ప్లాంటు దగ్గర ఇరవై లీటర్ల క్యాను తీసుకుని ఇంటిదాకా మోయడం ఆమె వల్ల కాదు. డబ్బులిచ్చి తెప్పించుకుందామన్నా ఆ వీధికి ఆటో రాదు. దానితో ఆమె చాలాసార్లు బోరు నీళ్ళే తాగుతోంది.

అప్పట్నుంచి నాకు ఇదే ఆలోచన. కమిటీలో మాట్లాడాను. ఒక పెద్దాయన, "ముందు మన విశ్వాసుల సంగతి చూద్దాం, బైబిల్లో గలతీ పత్రికలో అదే రాసి ఉంది" అన్నారు. ఆ క్యాను అడిగినావిడ మాత్రం మన సంఘం మనిషి కాదు, పక్క వీధి. ఇంకొకాయన, "చేస్తే చేయండి, కానీ సువార్త పత్రిక (యేసు గురించి చెప్పే కరపత్రం) ఇవ్వకుండా సాయం చేస్తే దానికీ క్లబ్బువాళ్ళు చేసేదానికీ తేడా ఏముంది" అన్నారు. మూడో మాట డబ్బు. పంట పండగ వేలంలో వచ్చింది చర్చి రేకులకు పోయింది. ఆడవాళ్ళు తెచ్చే పిడికెడు బియ్యం పాస్టర్ గారి కుటుంబానికే సరిపోదు.

ఇలాంటి చిన్న సంఘాల్లో మీరు ఏం చేస్తున్నారు? ఎక్కడ మొదలుపెట్టాలి? సువార్త పత్రిక సంగతి ఏమిటి?

పాస్టర్, ఖమ్మం

తమ్ముడూ, వందనాలు. దేవుడు నీ మనసులో పెట్టిన భారం మంచిది.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మీ కమిటీలో కూర్చుని చదవండి. యెరూషలేము సంఘంలో రోజూ భోజనం పంచేటప్పుడు గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్ళను చిన్నచూపు చూస్తున్నారని సణుగు వచ్చింది. అపొస్తలులు ఆ మాటను కొట్టిపారేయలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. మంచి పేరు ఉన్నవాళ్ళు, ఆత్మతోను జ్ఞానంతోను నిండినవాళ్ళు కావాలన్నారు. అంటే అన్నం వడ్డించే పనికి కూడా అంత అర్హత చూశారు. మనం సాధారణంగా ఈ పని ఖాళీగా ఉన్న కుర్రాళ్ళకు అప్పజెప్పి ఊరుకుంటాం. నలుగురిని సంఘం ముందు నిలబెట్టి, ప్రార్థన చేసి, ఈ పని మీదని చెప్పండి. లెక్క ఒకరు రాయాలి.

గలతీ 6:10 చెప్పిన పెద్దాయనకు ఆ వచనం మొదటి సగం కూడా చదివి వినిపించు. "అందరియెడలను" అనే మాట ముందు ఉంది, ఆ తర్వాతే విశ్వాసగృహం.

సువార్త పత్రిక ఇవ్వడం తప్పని నేను అనుకోను. మనం ఎవరి పేరున చేస్తున్నామో దాచిపెట్టాల్సిన పని లేదు. బలవంతం లేకుండా, ప్రేమతో ఇవ్వండి.

రిటైర్డ్ సిస్టర్, గుంటూరు

బాబూ, ఆమె క్యాను అడిగింది కదా. ముందు వెళ్ళి క్యాను పెట్టిరండి. కమిటీ మీటింగు ఆ తర్వాత పెట్టుకోండి.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైర్ అయ్యాను. లూథరన్ సంఘం మాది. వార్డుల్లో నేను చూసిన సంగతి చెబుతాను. పేదవాడికి ఆసుపత్రిలో మందు దొరుకుతుంది, మంచం దొరుకుతుంది, ఆరోగ్యశ్రీ లాంటి పథకం ఉంటే ఆపరేషనూ అవుతుంది. దొరకనిది పక్కన మనిషి. "పేషెంటు తాలూకు ఎవరండీ?" అని మేము కేకేస్తాం. ఎవరూ పలకరు. పల్నాడు నుంచో మార్కాపురం వైపు నుంచో వచ్చిన ముసలాయన ఒక్కడే ఉంటాడు. కొడుకు ఎక్కడో కూలి పనిలో ఉంటాడు, రెండు రోజులు ఉండి వెళ్ళిపోతాడు. రక్తం శాంపిలు ల్యాబుకు ఎవరు తీసుకెళ్ళాలి? రిపోర్టు ఎవరు తేవాలి? స్కానింగు ఇంకో బ్లాకులో, అక్కడిదాకా ఎవరు నడిపించాలి? బయట కొనాల్సిన మందు చీటీ ఎవరికి ఇవ్వాలి? సిస్టర్ ఒక్కతి, మంచాలు చాలా. ఎవరూ లేని పేషెంటు పనులు అన్నిటికన్నా వెనకబడతాయి. ఎవరికీ చెడ్డ బుద్ధి ఉండి కాదు. అడిగేవాళ్ళు లేకపోవడం వల్ల.

రిటైర్ అయ్యాక మా స్త్రీల సమాజంలో ఇదే పెట్టాను. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని, సూపరింటెండెంట్ గారి అనుమతి తీసుకుని, తాలూకు ఎవరూ లేనివాళ్ళ దగ్గర కూర్చుంటాం. రిపోర్టు తెస్తాం, గంజి పట్టిస్తాం, ఇంటికి ఫోను కలిపి మాట్లాడిస్తాం, డిశ్చార్జి రోజున ఏ మాత్ర ఎప్పుడో కాగితం మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ వేసి చూపిస్తాం. దీనికి పెద్ద ఖర్చు లేదు, బస్సు చార్జీలే. లూకా 10వ అధ్యాయంలో, దొంగలు కొట్టి పడేసినవాణ్ణి ఆదుకున్న సమరయుడి మాట చదివేటప్పుడు మనం నూనె, ద్రాక్షారసం, రెండు దేనారాలు దగ్గరే ఆగిపోతాం. పూటకూళ్ళ ఇంట్లో చేర్చిన మర్నాడు కదా అతను డబ్బు తీసి ఇచ్చింది. అంటే ఆ రాత్రంతా దెబ్బలు తగిలినవాడి పక్కనే ఉన్నాడు. నేను నర్సును కాబట్టి నా కళ్ళకు ఆ రాత్రే కనపడుతుంది.

మీ ఊళ్ళో పని ఎక్కడుందో తెలుసుకోవాలంటే ముందు ఇల్లిల్లూ తిరిగి అడగండి. ఏం కావాలని అడిగితే మొహమాటపడి ఏమీ వద్దంటారు. "నిన్న ఏం తిన్నారు, నీళ్ళు ఎవరు తెచ్చారు, మాత్రలు ఎన్ని మిగిలాయి" అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. ఆశా వర్కరును కలవండి, ఏఎన్ఎంను కలవండి. ఏ ఇంట్లో ఎవరు మంచాన ఉన్నారో వాళ్ళకు తెలుసు.

మీ వైపు ఎముకలు వంగినవాళ్ళ విషయంలో ఒకటి చూడండి. వికలాంగుల పెన్షన్‌కు, వైకల్యం ఉందని డాక్టర్లు చూసి ఇచ్చే సదరం సర్టిఫికెట్ కావాలి. సచివాలయంలోనో మీసేవలోనో స్లాటు బుక్ చేసుకుని, చెప్పిన రోజున ఆసుపత్రికి వెళ్ళి డాక్టరుకు చూపించుకోవాలి. నడవలేనివాళ్ళను నడిచి రమ్మనే పని అది, అందుకే చాలామంది అక్కడే ఆగిపోతారు. స్లాటు బుక్ చేసి, ఆటో మాట్లాడి, తీసుకెళ్ళి, తీసుకొచ్చేవాళ్ళు కావాలి. వృద్ధాప్య పెన్షన్ నెలకు 4,000, వికలాంగులకు 6,000. పేదింట్లో ఆ తేడా చిన్నది కాదు. మీరు పంచే చీర ఖరీదుతో పోల్చి చూసుకో.

టీబీ పేషెంట్లు ఉంటే వాళ్ళను అసలు వదలొద్దు. మామూలు టీబీకి మందు ఆరు నెలలు. రెండు నెలలు వాడగానే దగ్గు తగ్గి, ఆకలి వేసి, బాగైపోయిందనుకుని ఆపేస్తారు. అప్పుడు మందుకు లొంగని టీబీగా తిరగబెట్టొచ్చు. ప్రభుత్వం పోషణకు నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తుంది, 2024 అక్టోబరు వరకు అది 500 ఉండేది. ఖాతా నంబరు తప్పుపడి రానివాళ్ళుంటారు, కనుక్కోండి. ని-క్షయ్ మిత్ర అని 2022లో మొదలైన పథకం ఉంది. సంస్థలైనా మనుషులైనా పేరు నమోదు చేసుకుని ఒక పేషెంటుకు ఆరు నెలలు పప్పులు, నూనె, గుడ్లు లాంటివి ఇవ్వొచ్చు. ఒక్క పేషెంటును తీసుకోండి చాలు. మీ సంఘం ఆడవాళ్ళ పిడికెడు బియ్యంలో కొంత దీనికి పెట్టండి. ఆ బియ్యం ఏ ఇంటికి పోతుందో తెలిస్తే ఇంకో పిడికెడు ఎక్కువ వేస్తారు, మా సంఘంలో అలాగే జరిగింది.

ఇక సువార్త పత్రిక. పాస్టర్ గారి మీద గౌరవంతోనే నేను వేరే మాట చెబుతున్నాను. మంచం మీద ఉన్నవాడికి, నీళ్ళు తెచ్చుకోలేని ముసలమ్మకు చేతిలో ఏం పెట్టినా వద్దనే ధైర్యం ఉండదు. రేపు క్యాను రాదేమోనని భయపడి పత్రిక తీసుకుంటారు. అలా తీసుకున్నదాన్ని నేను సువార్త అనలేను.

బాబూ, మీది ఒంగోలు మిషను ప్రాంతం. 1876–78 కరువు సంగతి మీ పెద్దలను అడుగు. అప్పటి అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర సర్వే పని తెలిసిన మనిషి. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు, ఆకలితో వచ్చినవాళ్ళకు పని ఇచ్చి కూలి ఇచ్చాడు. వేలమంది బాప్తిస్మం కావాలని అడిగారు. కరువు సాయం నడిచినంతకాలం ఇవ్వలేదు, బియ్యం కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయి, ఇక తన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని అందరికీ తెలిసిన తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య మీ సంఘాల్లో అందరికీ నోటికి వచ్చు. దాని ముందు ఆయన ఆగిన నెలల గురించి కూడా మీ యూత్ మీటింగులో చెప్పు.

మేము వార్డులో ఎవరమని అడిగితే ఫలానా చర్చి వాళ్ళమని చెబుతాం, దాచం. ప్రార్థన చేయమంటే చేస్తాం. అడగకపోతే నోరెత్తం.

గట్టిగా చెప్పేది ఇంకొకటి ఉంది. మీలో ఎవరూ, ఎంత విశ్వాసం ఉన్నవాళ్ళైనా, "ప్రార్థన చేశాం, ఇక మాత్రలు ఆపెయ్" అని చెప్పకూడదు. బీపీ మాత్ర ఆపి పక్షవాతంతో వచ్చినవాళ్ళను, షుగరు ఇంజక్షను ఆపి కోమాలో వచ్చినవాళ్ళను నా చేతులతో మంచం మీదికి ఎక్కించాను. ప్రార్థన చేయండి, మాత్ర కూడా మింగించండి. ఈ ఒక్క మాట మీద మీ టీమంతా ఒప్పుకున్నాకే ఇళ్ళలోకి వెళ్ళండి.

ఆడవాళ్ళున్న ఇంటికి మగపిల్లలు ఒక్కరే వెళ్ళొద్దు. ఎవరి ఏటీఎం కార్డూ, పిన్నూ చేతిలోకి తీసుకోవద్దు. ఫోటో వద్దు. కమిటీకి లెక్క కావాలంటే పుస్తకంలో రాసి చూపించండి.

మా గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి పేరు వినే ఉంటావు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో ఇక్కడికి వచ్చినప్పుడు మిషను వాళ్ళు డాక్టరు పని మొదలుపెట్టడానికి సిద్ధంగా లేరు, చదువు చెప్పే పని మీద పంపారు. మగ డాక్టరుకు చూపించుకోలేని ఆడవాళ్ళు కళ్ళెదుట జబ్బుతో ఉంటే ఆమె ఊరుకోలేదు. చదువు చెబుతూనే వైద్యం చేసింది. ఆ తర్వాతే మిషను ఒప్పుకుంది, 1898లో ఆసుపత్రి తెరిచారు. కమిటీ ఒప్పుకోవడానికి టైము పడుతుంది బాబూ, నువ్వు నిరుత్సాహపడొద్దు.

డల్లాస్ నుంచి

సిస్టర్ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మాది పొదిలి దగ్గర. అమ్మ ఒక్కతే ఉంటుంది. నేను ఇక్కడినుంచి డబ్బు పంపగలను కానీ అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళేది పక్కింటి అబ్బాయే. అతను మా చర్చి వాడు కూడా కాదు.

కనిగిరి తమ్ముడూ, క్యాన్లు తోసుకుపోయే తోపుడు బండి ఖర్చు నేను పెట్టుకుంటాను. సంఘం ఖాతా వివరాలు నాకు మెసేజ్ చెయ్. ఇక్కడి తెలుగు ఫెలోషిప్‌లో చెబితే ఇంకా కొందరు కలుస్తారు, వాళ్ళలో చాలామంది అమెరికా సిటిజన్లు.

ఆడిటర్, సికింద్రాబాద్

అన్నా, ఆగండి. మంచి పనే, కానీ దారి సరిగ్గా ఉండాలి, లేకపోతే ఆ చిన్న సంఘం ఇబ్బందుల్లో పడుతుంది.

మీది ఇండియన్ పాస్‌పోర్టు అయితే, మీ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. సంఘం పేరు మీద పాన్, బ్యాంకు ఖాతా ఉండాలి, మీకు రసీదు ఇవ్వాలి, మీ పాస్‌పోర్టు కాపీ ఫైల్లో పెట్టుకోవాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా సంఘం దాన్ని తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు కూడా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే తీసుకోవాలి. రిజిస్ట్రేషన్ ఉన్న వేరే సంస్థ తీసుకుని మీకు అందించే పద్ధతి 2020 సవరణతో ఆగిపోయింది. యూత్ సెక్రటరీ సొంత ఖాతాలో వేయించుకుని తర్వాత సర్దుకుందాం అని ఎవరైనా అంటే వినొద్దు.

నా అభిప్రాయం అడిగితే, తోపుడు బండికి ఊళ్ళోనే చందా వేసుకోండి. బేల్దారి పనికి వెళ్ళిన మీ అన్నలు పండక్కి వస్తారు కదా, వాళ్ళు తలా ఒక రోజు కూలి ఇస్తే వచ్చేస్తుంది. డల్లాస్ అన్నయ్య వారానికోసారి ఫోను చేసి ఒక ముసలాయనతో పది నిమిషాలు మాట్లాడితే దానికి ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు.

కనిగిరి యూత్

అందరికీ చాలా వందనాలు. సిస్టర్ గారి జవాబు కమిటీలో చదివి వినిపించాను. క్లౌ దొర మాట దగ్గర సువార్త పత్రిక అన్న పెద్దాయన కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా తాత చెప్పేవాడు, కాలవ పనికి మా వాళ్ళు కూడా పోయారంట" అన్నారు. ఇప్పటికి పత్రికలు వద్దని ఒప్పుకున్నారు. ఖమ్మం పాస్టర్ గారు చెప్పినట్టు నలుగురిని ఎన్నుకున్నాం, ఇద్దరు ఆడవాళ్ళు. క్యాన్లు ప్రస్తుతం మోటారు సైకిల్ మీద వేస్తున్నాం. ఆశా అక్క ఒక టీబీ పేషెంటు ఇల్లు చెప్పింది, మొన్న వెళ్ళొచ్చాం.

సిస్టర్ గారూ, ఒక్క సందేహం. పక్క వీధిలో ఒక తాత ఉన్నాడు, ఆయనకూ నడుము వంగింది. మేము వెళితే, "చర్చివాళ్ళ నీళ్ళు నాకొద్దు, రేపు మతం మార్చారంటారు" అని తలుపు వేసుకున్నాడు. మా కుర్రాళ్ళకు బాధేసింది. మళ్ళీ వెళ్ళాలా? వదిలేయాలా?

రిటైర్డ్ సిస్టర్, గుంటూరు

మళ్ళీ వెళ్ళొద్దు బాబూ. ఆయన వద్దన్నాడు, ఆయన మాటకు విలువ ఇవ్వాలి. కుర్రాళ్ళను ఆయన గురించి ఎక్కడా తప్పుగా మాట్లాడొద్దని చెప్పు.

అయితే ఆయనకు నీళ్ళు అందాలి కదా. ఆయన మాట వినే మనిషి ఆ వీధిలో ఎవరో ఒకరుంటారు. మేనల్లుడో, ఎదురింటివాళ్ళో, గుడి దగ్గర కూర్చునే స్నేహితుడో. ఆయన్ని కలిసి, "తాతకు క్యాను మీరు పెట్టండి, మా బండి ఖాళీగా ఉన్నప్పుడు వాడుకోండి" అని అడగండి. సదరం స్లాటు సంగతి సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటుకు చెప్పండి, వాళ్ళే ఆయన ఇంటికి వెళ్ళి అడుగుతారు. మీ పేరు రానక్కర్లేదు.

టీబీ ఆయనకు షుగరు ఉందేమో పరీక్ష చేయించారా? చేయించకపోతే ఈ వారంలోనే పీహెచ్‌సీకి తీసుకెళ్ళండి, రెండూ ఉంటే ఆహారం వేరేగా చూడాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళను కూడా వెంట తీసుకెళ్ళి చూపించండి. డాక్టరు ఏమన్నారో ఇక్కడ రాయి.